అమెరికా ఆడబిడ్డ ఉన్న టీచరమ్మ

సిద్దిపేట,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

మరదలు రోజాకు,

వదిన స్వరూప రాసేది. "మేమందరం క్షేమం" అని మొదలుపెట్టమని బడిలో పిల్లలకు చెబుతాను కానీ నేను రాయను. క్షేమమో కాదో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే మీ అన్న స్పీకర్ పెడతాడు, షాపులో ఉన్నవాళ్లందరూ వింటారు. వీడియో కాల్ చేస్తే నువ్వు ఎప్పుడూ ఒక తెల్ల గోడనే చూపిస్తావు. అందుకే రాసి, ఫొటో తీసి, నీ ఒక్కదాని నంబరుకే పంపుతున్నాను. నువ్వు కూడా చేత్తోనే రాయి. నువ్వు టైపు చేసే తెలుగు ఎట్లా ఉంటుందో ఫ్యామిలీ గ్రూపులో చూస్తూనే ఉన్నాను.

సంగతికి వస్తాను. ఒకటో తారీఖున మా ఇంటి ఓనరు ప్రమీలాదేవి కిరాయి పెంచింది. తొమ్మిది వేలు పదకొండు వేలయింది. నల్లా బాగు చేయించలేదు, గోడలకు సున్నం కొట్టించలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "నీకేంది స్వరూపా, నీ ఆడిబిడ్డ అమెరికల ఉన్నది గద" అన్నది. పక్క పోర్షన్‌లో వాళ్లకు అమెరికాలో ఎవరూ లేరు. వాళ్లకు అయిదు వందలే పెంచింది. అంటే నువ్వు అక్కడ ఉన్న పాపానికి నేను ఇక్కడ నెలకు పదిహేను వందలు జరిమానా కడుతున్నానన్నమాట.

బడిలో ఇంకా చోద్యం. జీతాలు పెంచి ఆరేళ్లయిందని మేం పన్నెండు మంది టీచర్లం కలిసి కరస్పాండెంట్ గదిలోకి పోయాం. ఆయన అందరినీ వదిలేసి నా మొహం చూసి నవ్వాడు. "మీరు గూడ వచ్చిన్రా టీచరమ్మా? మీకు జీతమంటే టైంపాస్ గద, డాలర్లు వస్తుంటే" అన్నాడు. మిగతా పదకొండు మంది నావైపు తిరిగి చూశారు. నేను వాళ్లలో మనిషినో కాదో అని వాళ్లకు అప్పుడే అనుమానం మొదలైంది. పంతొమ్మిదేళ్ల నుంచి ఒకే కుర్చీలో కూర్చుని తెలుగు చెబుతున్నదాన్ని, ఆ కుర్చీకి ఒక కాలు కూడా పొట్టి.

ఆయన అట్లా అనడానికి కారణం గేటు మీదే ఉంది. అడ్మిషన్ల ఫ్లెక్సీలో నీ ఫొటో వేశారు, నయాగరా ముందు నిలబడింది. "మా పూర్వ విద్యార్థిని, నేడు అమెరికాలో ఫుడ్ కంపెనీ మేనేజర్" అని కింద రాశారు. మీ అన్న షాపులోనే ప్రింటయింది. చెల్లెలి మొహం పది అడుగులు వచ్చేసరికి మురిసిపోయి రేటు సగం తగ్గించాడు. వ్యాపారం అంటే ఆయనకు ఇంత తెలుసు.

నీ మేనేజర్ పనికి అడ్డం వచ్చానేమో. తీరిక చిక్కితే రెండు ముక్కలు రాయి.

నీ వదిన,
స్వరూప

—

కొలంబస్, ఒహాయో,
16 ఫిబ్రవరి 2025

వదినా,

నీ ఉత్తరం అందింది. చేతిరాత ఇప్పటికీ బ్లాక్‌బోర్డు మీది రాతలాగే ఉంది. చదువుతుంటే బెత్తం కూడా కనబడింది.

డబ్బు కావాలంటే సూటిగా అడగాల్సింది. కిరాయి పెరిగింది, జీతం పెరగలేదు, ఆడబిడ్డ అమెరికాలో ఉంది, ఈ మూడూ ఒకే ఉత్తరంలో పెట్టిన తర్వాత నాలుగో మాట నేను ఊహించుకోలేనంత పిచ్చిదాన్ని కాను. 2019లో నేను వచ్చినప్పుడు సూట్‌కేసు పూర్తిగా తెరవకముందే ఎవరికి ఏం తెచ్చానో లెక్క చూసిన ఇల్లు అది. ఒడిబియ్యం పోస్తూ కూడా నా చేతి గాజులు ఎన్ని తులాలో చూశావు. అవి ఉత్తి పూత గాజులని నీకు అప్పుడే తెలిసి ఉంటే నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

నీకు నెలకు ఇరవై ఎనిమిది వేలు వస్తాయని నువ్వే చెప్పావు. అన్నకు షాపుంది. ఇద్దరు మనుషులు. దాంతో సిద్దిపేటలో బతకలేకపోతున్నామంటే ఎవరైనా నవ్వుతారు. మా అపార్ట్‌మెంట్ కిరాయి కూడా జనవరిలో పెరిగింది. మాకు కారణం చెప్పలేదు, ఒక మెయిల్ పడేశారు. నీకు కనీసం ప్రమీలాదేవి మొహం మీద చెప్పింది. ఇక్కడ డజను గుడ్ల ధర చెబితే నువ్వు కోడిని పెంచుకోమంటావు, పెంచుకోనివ్వరు.

ఆ నయాగరా ఫొటో ఫేస్‌బుక్‌లోంచి తీసుకున్నట్టున్నారు. నన్ను ఒక్కమాట అడగలేదు. పదమూడేళ్ల కిందటి ఫొటో అది, అప్పటికి మేం ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు. ఆయన, అంటే మా అరుణ్‌కుమార్ గారు, బాగున్నారు. పాప బాగుంది. అందరం బిజీ.

పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇది కోపంగా రాస్తున్న మాట కాదు.

రోజా

—

సిద్దిపేట,
2 మార్చి 2025

రోజా,

నా ఉత్తరం మళ్లీ తీసి చదువు. అందులో ఎక్కడైనా డబ్బు అడిగానేమో వేలు పెట్టి చూపించు. పంతొమ్మిదేళ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, రాయని మాటకు మార్కులు వెయ్యను, కొట్టెయ్యను. నువ్వు రెండూ చేశావు.

గాజుల సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. పూత గాజులని నాకు ఆ రోజే తెలుసు. మీ అన్నకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అమెరికా వాళ్లు దొంగల భయానికి అవే వేసుకుంటారని ప్రమీలాదేవికి నేనే సర్ది చెప్పాను. ఇరుగుపొరుగుకు మీ గొప్ప చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టింది, దానికి ఇదా బదులు.

నాకు కావలసింది డబ్బు కాదు, ఒక ఉత్తరం. ఆదాయం తక్కువని రాసివ్వడానికి ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు ఉంది. అమెరికాలో ఉన్నవాళ్లు పేదవాళ్లని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఏ దేశంలోనూ లేదు. అది నువ్వే రాసివ్వాలి. నా పేరుకే రాయి, నేను ప్రింటు తీయించి తీసుకుపోయి కరస్పాండెంట్ బల్ల మీద పెడతాను. మాకు మీరు ఒక్క డాలరు కూడా పంపడం లేదని రాయి. అది నిజమే కాబట్టి చెయ్యి వణకదు. మీరు నానా కష్టాలు పడుతున్నారని కూడా రాయి. అది కల్పించు. ఏడో తరగతిలో వ్యాసరచనలో నీకు స్టీలు గ్లాసు బహుమతి వచ్చిందని మీ అన్న ఇప్పటికీ చెబుతుంటాడు. ఆ గ్లాసుకు న్యాయం చెయ్యి.

మార్చి నెలాఖరులో వచ్చే ఏడాది జీతాలు ఖరారు చేస్తారు. అప్పటికి నేను డాలర్ల మనిషిని కానని తేలకపోతే నాకే కాదు, నన్ను చూపించి మిగతా పదకొండు మందికీ ఎగ్గొడతాడు. నువ్వు మేనేజరువైతే అయ్యావు, పది నిమిషాలు బీదదానివి అయితే అరిగిపోవు.

స్వరూప

—

కొలంబస్,
8 మార్చి 2025

వదినా,

కల్పించమన్నావు, కింద ఉంది. దీన్ని వేరే కాగితం మీద రాశాను, ఈ పై ముక్కతో కలిపి చూపించకు. అన్నకు మాత్రం చూపించొద్దు.

రోజా

"గౌరవనీయులైన వదినకు నమస్కారం. మీరు మా గురించి అడిగినారు కనుక దాచకుండా రాస్తున్నాను. మా ఆయన ఉద్యోగం 2023 నవంబరులో పోయింది. ఆరు నెలలు వెతికినారు. ఇప్పుడు వ్యాన్‌లో ఇంటింటికీ పార్సిళ్లు వేస్తున్నారు. నేను ఒక ఇండియన్ సరుకుల షాపులో వెనక గదిలో పని చేస్తాను. ఎల్లిపాయలు ఒలుస్తాను, చపాతీలు చేస్తాను, కూరలు డబ్బాల్లో నింపుతాను. రోజుకు పది గంటలు నిలబడే ఉండాలి, కుర్చీ ఉండదు. కూరగాయల గది చలికి వేళ్లు పగులుతాయి. గంటకు పన్నెండున్నర డాలర్లు. 2021లో చేరినప్పుడు అంతే, ఇప్పుడూ అంతే. కిరాయి, ఇన్సూరెన్సు, పెట్రోలు అన్నీ పెరిగినవి. సాయంత్రం మిగిలిన కూరలు మాకు సగం ధరకు ఇస్తారు, వారంలో నాలుగు రోజులు అవే తింటాం. అక్టోబరు నుంచి పన్ను నొప్పి. డాక్టరు చెప్పిన ఖర్చు విని తిరిగి వచ్చి లవంగం పెట్టుకుంటున్నాను. మీకు ఒక్క డాలరు పంపలేదు, పంపే స్థితిలో లేము. ఇంతే సంగతులు."

—

సిద్దిపేట,
23 మార్చి 2025

రోజా,

ఏం రాశావు తల్లీ. స్టీలు గ్లాసు కాదు, నీకు బిందె ఇవ్వాల్సింది. ఆ లవంగం ముక్క నీకు ఎక్కడి నుంచి తట్టింది? వెనక గదిలో ఎల్లిపాయలు ఒలవడం సరే, మిగిలిన కూర సగం ధరకు కొనడం కూడా రాశావు చూడు, అక్కడ నేనే ఒక్క క్షణం నమ్మాను. తర్వాత ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను.

కానీ నువ్వు మరీ ఎక్కువ రాశావు, అదే కొంప ముంచింది. కరస్పాండెంట్ ఉత్తరం చదివి మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం స్టాఫ్ మీటింగ్ పెట్టి, అందరి ముందు తీసి గొంతు సవరించుకుని చదివాడు. హబీబున్నీసా టీచరు, లెక్కలు చెప్పే ఆవిడ, కళ్లు తుడుచుకుంది. ఆయన చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి, "విన్నరు గద. అమెరికాలనే నాలుగేండ్ల సంది పైస పెరగలేదంట. సిద్దిపేటల ఎట్ల పెరుగుతది? ఆమె చలిల నిలబడి చేస్తున్నది. మీరు ఫ్యాన్ కింద కూసొని పాఠం చెప్తున్నరు. అదృష్టం అనుకోవాలె" అన్నాడు. మీటింగ్ అయిపోయింది. చాయ్ కూడా పొయ్యలేదు.

ఆ మనిషిని చూస్తే నాకు కోపం కూడా రాదు, అసహ్యం వస్తుంది. మా ఇంగ్లీషు సారుకు నలభై ఏళ్లకే జుట్టు నెరిసింది, మూడు ట్యూషన్లు చెబుతాడు. వాళ్లకు అదృష్టం గురించి ఈయన చెబుతాడు. కిందటి ఏడు ఫీజు పెంచినప్పుడు ఈయనకు అమెరికా గుర్తుకు రాలేదు.

నీ తప్పు కూడా ఉంది. కష్టాలు కొంచెం తక్కువ చేసి, జీతం మాత్రం ఏటా పెరుగుతున్నట్టు రాస్తే సరిపోయేది. కల్పించేటప్పుడు ఆ మాత్రం ముందుచూపు ఉండాలి. పోనీలే, రాసినందుకు థాంక్స్. మేనేజరమ్మకు ఎల్లిపాయల వాసన అంటించాను, క్షమించు.

స్వరూప

—

కొలంబస్,
30 మార్చి 2025

వదినా,

అందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

నువ్వు నవ్వుకున్నానని రాసిన ఉత్తరం షాపు వెనక గదిలోనే చదివాను. గ్లౌజులు తీసి ఫోను పట్టుకుంటే అక్షరాల మీద వేళ్ల తడి అంటుకుంది. ఏడుపు రాలేదు. నీ మీద అంత ఏడుపు ఖర్చు పెట్టను.

మేనేజర్ మాట మొదట మా ఆయన అన్నారు, బాపు బతికి ఉన్నప్పుడు. బాపు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోనులో "బిడ్డ ఏం పని చేస్తున్నది" అని అడిగితే ఈయన ఆ మాట అనేశారు. బాపు అది పట్టుకుని, చూడవచ్చిన ఊరందరికీ చెప్పి పోయాడు. పోయిన మనిషి మాటను నేనెట్లా తీసెయ్యను? అందుకే గోడ ముందు కూర్చుని వీడియో కాల్ మాట్లాడతాను. గోడ మాత్రమే శుభ్రంగా ఉంటుంది.

ఇంకొకటి కూడా రాస్తాను, నీ కరస్పాండెంట్ లాంటి వాళ్లు అక్కడే ఉన్నారని అనుకోకు. ఆ ఉత్తరం రాసిన తర్వాత, నా బతుకు కాగితం మీద చూసుకున్న తర్వాత, నేను కూడా మా షాపు ఓనరును గంటకు ఒక డాలరు ఎక్కువ అడిగాను. ఆయనది మన పక్కనే, కరీంనగర్. నవ్వి ఏమన్నాడో తెలుసా. "అక్కా, మన ఊర్ల టీచర్లకు నెలంత మొత్తుకుంటే రెండు వందల డాలర్లు రావు. నువ్వు రెండు రోజులల్ల సంపాదిస్తున్నవు" అన్నాడు. నాకు మంట పుట్టింది. మా వదిన టీచరే, ఇరవై ఎనిమిది వేలు తీసుకుంటుంది, తెలియకపోతే మాట్లాడకు అని వాడి నోరు మూయించాను. నీ జీతం నాకు ఆ విధంగా పనికొచ్చింది. నా జీతం మాత్రం పెరగలేదు.

ఇక రాయాలని లేదు.

రోజా

—

సిద్దిపేట,
13 ఏప్రిల్ 2025

రోజా,

పది రోజుల నుంచి రాద్దామని కూర్చుని లేస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది. నువ్వు పన్ను నొప్పితో రాసిన దాన్ని చదివి నవ్వినదాన్ని నేను. ఇంతకు మించి ఏం రాసినా అది నా తెలుగు గొప్ప చూపించుకోవడమే అవుతుంది.

మీ అన్నకు తెలిసిపోయింది. నేను చెప్పలేదు, పన్నెండు మంది విన్న మాట ఊళ్లో ఆగలేదు. ఆయన షాపు షట్టరు దించేసి ఇంటికి వచ్చి, నా ఫోను అడిగి తీసుకుని ఉత్తరం చదివాడు. "నా చెల్లె ఎల్లిపాయలు ఒలుస్తున్నదా" అని ఒక్క మాట అన్నాడు. తెల్లారి పోయి గేటు మీది ఫ్లెక్సీ నిలువునా కోసి తెచ్చాడు. వాచ్‌మన్ అడ్డం వస్తే, "ముద్రించింది నేను, మొహం నా చెల్లెది, నీదేమున్నది గిండ్ల" అన్నాడట. ఆ మనిషికి ఇంత కోపం ఉంటుందని ఇన్నేళ్లు కాపురం చేసినా నాకు తెలియదు.

ప్రమీలాదేవికి కూడా తెలిసింది. కిరాయి తగ్గిస్తుందేమోనని ఆశపడ్డాను. తగ్గించలేదు, పైగా ఇక నుంచి ఒకటో తారీఖు పొద్దున్నే ఇవ్వమంది. ఇదివరకు నేను పోతే కుర్చీ వేసేది, ఇప్పుడు గుమ్మంలోనే మాట్లాడుతుంది. అమెరికా ఉన్నన్నాళ్లు దోచుకుంది, లేదని తేలాక నమ్మడం మానేసింది.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉంటే బాగుండు. కరస్పాండెంట్ నిన్న పిలిచాడు. ఫ్లెక్సీ పోయింది, మాట ఊళ్లోకి పోయింది, కొత్త అడ్మిషన్ల కోసం వచ్చినవాళ్లు అడుగుతున్నారట. ఈ నెల ఇరవై మూడున ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజు తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. ఆ రోజు తెర మీద వెయ్యడానికి నువ్వు రెండు నిమిషాల వీడియో పంపాలట. ఈ బడి వల్లే ఈ స్థితికి వచ్చానని చెప్పాలట. పంపితే నాకు నెలకు మూడు వేలు పెంచుతాడట. నా ఒక్కదానికే, ఎవరికీ చెప్పకూడదట.

ఆయన మొహం మీద వద్దని చెప్పి రావాల్సింది. నేను రాలేదు. "అడిగి చెబుతాను సార్" అన్నాను. మూడు వేలు అంటే నాకు పెరిగిన కిరాయి తీరి, ఇంకో వెయ్యి మిగులుతుంది. ఈ లెక్క గదిలోంచి బయటికి వచ్చేలోపే అయిపోయింది. అందుకే అడుగుతున్నాను. నువ్వు వద్దంటే నాకు బాధ లేదు, నిజానికి కొంచెం హాయిగా కూడా ఉంటుంది.

వదిన

—

కొలంబస్,
19 ఏప్రిల్ 2025

వదినా,

అన్న ఫ్లెక్సీ కోశాడన్న మాట నాలుగుసార్లు చదివాను. పాపకు కూడా చదివి వినిపించాను.

వీడియో ఆయన నంబరుకే నేరుగా పంపాను. నీకు పంపలేదు, నువ్వు చూడొద్దు. రేపు ఎవరైనా అడిగితే నీకు తెలియదని చెప్పడం నిజమే కావాలి. రెండు నిమిషాలు అడిగాడు, నిమిషమున్నరలో అయిపోయింది. "థాంక్యూ అమ్మా, చాలా సంతోషం" అని వెంటనే మెసేజ్ పెట్టాడు. అంత వెంటనే పెట్టాడంటే తెరిచి చూడలేదన్నమాట.

అడిగినందుకు నాకు కోపం లేదు. నేను కూడా ఒక డాలరు కోసం కరీంనగరోడి ముందు పళ్లికిలించాను గదా.

రోజా

—

సిద్దిపేట,
6 జులై 2025

రోజా,

రెండున్నర నెలలైంది. ఫోనులో నువ్వు అడిగినప్పుడల్లా "అంతా బాగానే జరిగింది" అన్నాను. స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి అన్నాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవై మూడున గ్రౌండులో షామియానా వేశారు. మూడు వందల మంది తల్లిదండ్రులు వచ్చారు. నువ్వు అనుకున్నదే, ఆయన నీ వీడియో చూడలేదు. ఇంగ్లీషు సారు రాసిన ఉపన్యాసం మూడుసార్లు దిద్దించుకున్నవాడు, అమెరికా నుంచి వచ్చినదాన్ని ముందు ఒకసారి చూసుకోవాలని అనుకోలేదు. మైకులో "మన బిడ్డ, అమెరికా నుంచి" అని తానే చెప్పి, తానే మొదట చప్పట్లు కొట్టాడు.

తెర మీద నువ్వు వచ్చావు. నెత్తికి వల టోపీ, ఏప్రాను, వెనక ఎల్లిపాయల బస్తాలు. "నమస్తే. నా పేరు రోజారాణి. గీ బళ్లెనే పది దాక చదివిన. తొమ్మిదిల ఫీజు కట్టలేదని నన్ను పదకొండు రోజులు క్లాసు బయట నిలబెట్టిన్రు. నిలబడుడు నాకు గప్పుడే అలవాటైంది. ఇప్పుడు అమెరికల దినాం పది గంటలు నిలబడి ఎల్లిపాయలు ఒలుస్తున్న. నన్ను గింతదాన్ని చేసిన బడికి దండాలు" అన్నావు. ఆ తర్వాత నీ వేళ్లు దగ్గరగా చూపించావు. ఎవరో కరెంటు తీసేసే లోపు అయిపోయింది.

నాకు గర్వంగా అనిపించింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో గర్వపడేది ఏమీ లేదు.

కొండపాక నుంచి వచ్చే దుర్గయ్య అని ఒకాయన ఉన్నాడు. తాళ్లెక్కి కల్లు తీస్తాడు. ఆయన బిడ్డ ఉష అప్పుడే ఎనిమిది అయిపోయింది. నా తెలుగు క్లాసులో ముందు బెంచీలో కూర్చునేది. ఆయన లేచి, "సారూ, ఆమె సంగతి ఆమెకెరుక. నువ్వు ఏటా ఫీజు పెంచుతున్నవు గద, మా టీచర్లకేమిస్తున్నవు?" అన్నాడు. కరస్పాండెంట్ అది లోపలి విషయం అన్నాడు. దుర్గయ్య నావైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. నీకెంత వస్తది?" అని అడిగాడు.

మూడు వందల మంది నన్ను చూస్తున్నారు. మీ అన్న కూడా వెనక నిలబడి ఉన్నాడు. నేను లేచి చెప్పాను. పదహారు వేల అయిదు వందలు. ఆరేళ్ల నుంచి అంతే.

నీకు చెప్పిన ఇరవై ఎనిమిది వేలు అబద్ధం, రోజా. చుట్టాలందరికీ అదే చెప్పాను. అమెరికా వాళ్ల ముందు తక్కువ కావొద్దని చెప్పాను, తర్వాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. నీ కరీంనగర్ ఓనరు అన్నది నిజమే. నువ్వు మాత్రం నా అబద్ధం పెట్టుకుని వాడితో కొట్లాడావు. ఆ ఉత్తరం చదివిన రోజే నీకు రాయాల్సింది. రాయలేదు.

దుర్గయ్య వెటకారంగా అన్నా పడేదాన్ని. నెమ్మదిగా, "గంతేనా అమ్మా? తాళ్లెక్కితే నాకే గంతకన్న ఎక్కువొస్తది. నా బిడ్డ నీ లెక్క టీచరమ్మ కావాలంటదని గీ బళ్లె ఏసిన" అని కూర్చున్నాడు. ఇన్నాళ్లు కరస్పాండెంట్‌ను, ప్రమీలాదేవిని, నిన్ను, అందరినీ తక్కువ చేసి చూసినదాన్ని. ఒక మనిషి నన్ను జాలిగా చూస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

తర్వాత తల్లిదండ్రులు గోల చేశారు. వారం తిరక్కుండానే కరస్పాండెంట్ పన్నెండు మందికీ పదిహేను వందల చొప్పున పెంచుతున్నానని ప్రకటించాడు. హబీబున్నీసా టీచరు నన్ను కావలించుకుంది. సాయంత్రం ఆయన నన్ను పిలిచి సర్క్యులర్ రాయమన్నాడు. బడి నోటీసులన్నీ నా చేతిరాతలోనే పోతాయి. "ఉపాధ్యాయుల జీతాలు పెంచినందున వచ్చే సంవత్సరం ఫీజు నాలుగు వేలు పెంచడమైనది" అని చెప్పాడు. రాశాను. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పెట్టాను.

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు దుర్గయ్య టీసీ కోసం వచ్చాడు. ఉషను ఊళ్లో సర్కారు బడిలో వేస్తాడట. గుమాస్తా సెలవులో ఉన్నాడు, కాగితం నా దగ్గరికే వచ్చింది. ఉష గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. బడి మానడానికి కారణం అని ఒక గడి ఉంటుంది. ఏం రాయమంటావని అడిగాను. "నీకు తెల్వదా అమ్మా. ఏదో ఒకటి రాయున్రి" అన్నాడు. తల్లిదండ్రుల కోరిక మేరకు అని రాసి, సంతకం పెట్టించి ఇచ్చాను. ఆయన కాగితం నాలుగు మడతలు వేసి అంగీ జేబులో పెట్టుకుని, నాకు దండం పెట్టి పోయాడు.

మొన్న ఒకటో తారీఖున కొత్త జీతం పడింది. తీసుకున్నాను.

స్వరూప